గ్లాస్గోలో మా కంపెనీ సదస్సు: రెండున్నర రోజుల అనుభవం

మా కంపెనీ వార్షిక సదస్సు పదకొండేళ్లు వరుసగా లండన్‌లోనే జరిగింది. మాది నీటి పంపులు, వాల్వులు, ఫిల్టర్లు అమ్మే మధ్యస్థాయి కంపెనీ. ఆఫీసు లీడ్స్‌లో. ఏడాదికోసారి బ్రిటన్, యూరప్, గల్ఫ్, ఇండియా డీలర్లందరినీ ఒకచోటికి పిలుస్తాం. హాలు మాట్లాడటం దగ్గర్నుంచి ఎవరికి ఏ గది, ఎవరు ఏం తింటారు అనేదాకా అన్నీ చూసుకునేది నేనే.

లండన్ మీద నాకేం కోపం లేదు. హాళ్లు బాగుంటాయి, విమానాలు బోలెడు. కానీ సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి మా సదస్సు ఆవిరైపోయేది. ఒకాయన హారోలో ఉన్న బావమరిది ఇంటికి, ఇంకొకాయన ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌కి షాపింగ్‌కి, హోటల్ దొరకక హీత్రూ దగ్గర దిగినవాళ్లు గంటన్నర ప్రయాణం చేసి అక్కడికి. మర్నాడు పొద్దున కాఫీ దగ్గర మళ్లీ కొత్తవాళ్లలా పలకరించుకునేవాళ్లు. ఇంత డబ్బు పెట్టి 160 మందిని సముద్రాలు దాటించి రప్పించేది ప్రెజెంటేషన్లు చూపించడానికి కాదు కదా. అవి ఈమెయిల్‌లో పంపినా చూస్తారు. ఒకరితో ఒకరు కూర్చుని మాట్లాడుకోవాలనే రప్పిస్తాం. ఆ మాటలు సాయంత్రాలే నడుస్తాయి. అందుకే 2025 సదస్సు గ్లాస్గోలో పెడదామని పట్టుబట్టాను.

మా డైరెక్టర్ మొదట అడిగిన ప్రశ్న, "స్కాట్లాండే కావాలంటే రాజధాని ఎడిన్‌బరో ఉందిగా?" అని. ఎడిన్‌బరో చాలా అందమైన ఊరు, అందులో సందేహం లేదు. కానీ అక్కడ టూరిస్టుల తాకిడి ఎక్కువ, మా బడ్జెట్‌లో 160 మందికి గదులు ఒకే దగ్గర దొరకలేదు. గ్లాస్గో స్కాట్లాండ్‌లోకెల్లా పెద్ద నగరం, జనాభా ఆరు లక్షల పైచిలుకు. ఓడలు, రైలింజన్లు తయారుచేసి బతికిన ఊరు. ఆ పరిశ్రమలు మూతపడ్డాక చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పాడుబడ్డ రేవుల్నే సభాస్థలాలుగా, మ్యూజియాలుగా మార్చుకుంది. 2021లో ప్రపంచ వాతావరణ సదస్సు కాప్26 జరిగింది ఇక్కడే. దేశాధినేతలను, వేల మంది ప్రతినిధులను రెండు వారాలు సంభాళించిన ఊరికి మా 160 మంది ఒక లెక్కా అని చెప్పి ఒప్పించాను.

ముందు ప్రయాణం సంగతి. ఇండియా, గల్ఫ్ వాళ్లకు దుబాయ్ నుంచి గ్లాస్గోకు ఎమిరేట్స్ నేరు విమానం ఉంది. హైదరాబాద్‌లో ఎక్కినవాళ్లు దుబాయ్‌లో ఒక్కసారి మారితే చాలు, లండన్ మొహం చూడక్కర్లేదు. లండన్ వాళ్లు యూస్టన్‌లో రైలెక్కి సుమారు నాలుగున్నర గంటల్లో గ్లాస్గో సెంట్రల్‌లో దిగారు. స్టేషన్ ఊరి నడిబొడ్డునే ఉంది, మా హోటల్ నడిచి ఆరు నిమిషాలు.

విమానాశ్రయానికి మాత్రం రైలు లేదు. ఇంత పెద్ద ఊరికి ఇది లోటే. 500 నంబరు బస్సు తరచుగా తిరుగుతుంది, రోడ్డు ఖాళీగా ఉంటే ఇరవై నిమిషాల లోపే ఊళ్లో దింపేస్తుంది. సాయంత్రం ఎం8 హైవే బిగుసుకుందంటే అదే దూరం నలభై నిమిషాలు. గుంపుగా దిగేవాళ్లుంటే ముందే కోచ్ మాట్లాడుకోండి. ఇంకొక సంగతి. ఆదివారం సాయంత్రం ఆరు దాటగానే ఇక్కడి సబ్‌వే, అంటే భూగర్భ రైలు, ఆగిపోతుంది. సోమవారం సభకు ఆదివారం రాత్రి దిగినవాళ్లు దాన్ని నమ్ముకోకూడదు. మేం పంపిన సమాచార పత్రంలో ఈ ముక్క రాయడం మర్చిపోయాను. మస్కట్ నుంచి వచ్చిన ముగ్గురు సూట్‌కేసులతో మూసేసిన గేటు ముందు నిలబడి నాకు ఫోన్ చేశారు.

వీసా గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇండియా నుంచి సదస్సుకు వచ్చేవాళ్లకు స్టాండర్డ్ విజిటర్ వీసా సరిపోతుంది. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, మామూలుగా మూడు వారాల్లో నిర్ణయం వస్తుంది. మా ఆహ్వాన లేఖలు జులైలోనే పంపేశాం. అయినా ఇద్దరు సెప్టెంబరు చివరిదాకా ఆగి అప్లై చేశారు. ఒకాయన వీసా బయల్దేరే ముందురోజు చేతికొచ్చింది. ఆ టెన్షన్ ఆయనకెంతో నాకూ అంతే.

సభ జరిగింది క్లైడ్ నది ఒడ్డున స్కాటిష్ ఈవెంట్ క్యాంపస్‌లో. ఎస్‌ఈసీ అంటారు. ఒకప్పుడు అది క్వీన్స్ డాక్ అనే ఓడరేవు. దాన్ని పూడ్చిన నేల మీద 1985లో ఈ కేంద్రం తెరిచారు. 1997లో పక్కనే ఆర్మడిల్లో అని అందరూ పిలిచే ఆడిటోరియం వచ్చింది. ఫాస్టర్ సంస్థ డిజైన్, మూడు వేల సీట్లు. దూరం నుంచి చూస్తే ఓడల అడుగుభాగాలను ఒకదాని మీద ఒకటి బోర్లించినట్టు ఉంటుంది. 2013లో హైడ్రో అనే అరీనా కట్టారు, పద్నాలుగు వేల మంది పడతారు. మాకు అంత పెద్దవేం అక్కర్లేదు. మధ్యరకం హాలు ఒకటి, చర్చలకు చిన్న గదులు నాలుగు తీసుకున్నాం. హాలు శుభ్రంగా ఉంది, వెనక వరుసలో కూర్చున్నవాళ్లకూ తెర మీద అక్షరాలు కనిపించాయి. మా డెమో పంపు 180 కిలోలు. లోడింగ్ తలుపు దగ్గర్నుంచి స్టేజీ దాకా ఎక్కడా మెట్టు అడ్డం రాలేదు. ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుస్తుంది అదెంత పెద్ద సుఖమో.

నగరం మధ్యలో ఉన్న హోటళ్ల నుంచి అక్కడికి వెళ్లడం ఇంకా తేలిక. సెంట్రల్ స్టేషన్ కింది ప్లాట్‌ఫాంలో లోకల్ రైలెక్కితే రెండో స్టాపే ఎగ్జిబిషన్ సెంటర్. అక్కడ దిగి పైకప్పున్న నడక దారిలో వెళ్తే హాలు దగ్గర తేలతాం. గ్లాస్గోలో వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం. ఆ పైకప్పు మా రిజిస్ట్రేషన్ టేబుల్‌ను కాపాడింది. 2025 సెప్టెంబరు నుంచి స్కాట్లాండ్ రైళ్లలో రద్దీ వేళలకు వేరే ఎక్కువ చార్జీ తీసేశారు. పొద్దున ఎనిమిదిన్నరకు అందర్నీ రైలెక్కించినా అదే టికెట్టు.

ఇక బాధపడ్డ విషయాలు. మొదటి రోజు భోజనం. మా వాళ్లలో పద్నాలుగు మంది పూర్తి శాకాహారులు, అందులో ముగ్గురు ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. ఆ జాబితా నెల ముందే పంపాను, వారం ముందు మళ్లీ పంపాను. క్యాటరింగ్ వాళ్లు (పేరు చెప్పను) పద్నాలుగు మందికీ చల్లటి శాండ్‌విచ్‌లూ సలాడూ పెట్టి ఊరుకున్నారు. బయట వాన, తొమ్మిది డిగ్రీల చలి. ఇంత దూరం వచ్చిన పెద్దవాళ్లు చల్లటి బ్రెడ్డు ముందు కూర్చుంటే చూడలేకపోయాను. వంటగది ఇన్‌ఛార్జ్‌ని పిలిపించి, జాబితా ఆమె చేతిలో పెట్టి, ఒక్కొక్కరి దగ్గరికీ తీసుకెళ్లి పరిచయం చేశాను. రెండో రోజు ఆవిడే స్వయంగా వేడివేడి పప్పు సూపు, బంగాళాదుంపల కూర, అన్నం తెచ్చి, ఉల్లి లేని గిన్నె ఏదో వేలు పెట్టి చూపించి మరీ వడ్డించింది. మొదటి రోజే జరగాల్సిన పని. కానీ చెప్పాక మొహం చిట్లించుకోకుండా దిద్దుకున్నారు, అది మర్చిపోను.

రెండోది హోటల్. మేం మాట్లాడుకున్న రేటు రాత్రికి 110 పౌండ్లు. చివరి నిమిషంలో మరో ఆరు గదులు కావాల్సొచ్చి అడిగితే, అదే హోటల్ అవే గదులకు 260 చెప్పింది. ఏమిటా అని ఆరా తీస్తే ఆ రాత్రి హైడ్రోలో పెద్ద కచేరీ ఉందట. గ్లాస్గోలో సభ పెట్టేవాళ్లు తేదీ ఖాయం చేసేముందు హైడ్రో కార్యక్రమాల పట్టిక, పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్‌ల తేదీలు తప్పకుండా చూసుకోవాలి. ఈ ఊరి రెండు జట్లు సెల్టిక్, రేంజర్స్ తలపడే రోజు ఊరు ఊరంతా దాని మీదే ఉంటుంది. రేటు చెప్పినప్పుడు 20 శాతం వ్యాట్ కలిపి చెప్పారో లేదో కూడా రాతపూర్వకంగా అడగండి. ఒక కొటేషన్‌లో అది కలపలేదని నాకు మూడో ఈమెయిల్‌లో గానీ తెలియలేదు.

యాస కొంచెం అలవాటు కావాలి. ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషులో వ్యాపారం చేస్తున్న మా కోయంబత్తూరు డీలర్ కూడా మొదటి రోజు టాక్సీ డ్రైవర్ మాట ఒక్కటీ అందలేదన్నారు. అడిగితే మాత్రం విసుక్కోకుండా మళ్లీ నెమ్మదిగా చెప్తారు. నన్నయితే ప్రతి ఒక్కరూ 'హెన్' అని పిలిచారు. మన దగ్గర 'అమ్మాయ్' అన్నంత ఆప్యాయంగా వినిపించింది. సదస్సు బ్యాడ్జి మెడలో చూసి బస్టాపులో ఒక పెద్దావిడ తనంతట తానే దగ్గరికొచ్చి, మీరు ఎక్కాల్సిన బస్సు ఇది కాదని చెప్పి, సరైన స్టాపు దాకా మాతో నడిచొచ్చింది. 'పీపుల్ మేక్ గ్లాస్గో' అని ఊరి నినాదం గులాబీ రంగులో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఆవిడ వెనక నడుస్తుంటే ఆ మాట ఊరికే రాసుకున్నది కాదనిపించింది.

నేను ఈ ఊరిని ఎంచుకున్నది సాయంత్రాల కోసమే కాబట్టి వాటి గురించి వివరంగా చెప్పాలి. నగరం మధ్యభాగం గళ్ల నుడికట్టులా నిలువు వీధులు, అడ్డ వీధులు. తప్పిపోవడం కష్టం. మా వాళ్లకు గుర్తుగా నేను చెప్పింది ఆధునిక కళల గ్యాలరీ ముందున్న వెల్లింగ్టన్ డ్యూక్ విగ్రహం. గుర్రం మీద కూర్చున్న ఆ డ్యూక్ తల మీద ఎప్పుడూ ఒక ట్రాఫిక్ కోన్ ఉంటుంది. తీసేస్తే ఊరివాళ్లు మళ్లీ పెడతారు. "ఏడింటికి కోన్ దగ్గర" అంటే చాలు, అన్ని దేశాల వాళ్లకూ అర్థమైపోయింది. అక్కడి నుంచి పది నిమిషాల నడకలో భోజనశాలలు, పాటలు వినిపించే పబ్బులు. యునెస్కో 2008లో గ్లాస్గోను సంగీత నగరంగా గుర్తించింది. మంగళవారం రాత్రి కూడా ఏదో ఒక మూల ఫిడేలు వినిపిస్తూనే ఉంటుంది. మందు అలవాటు లేనివాళ్లు సబ్‌వే ఎక్కారు. 1896లో మొదలైన ఈ సబ్‌వే లండన్, బుడాపెస్ట్‌ల తర్వాత ప్రపంచంలో మూడో పాతది. పదిహేను స్టేషన్ల వలయం, ఒక చుట్టు 24 నిమిషాలు. ఎక్కడ దిగాలో తెలియకపోయినా కూర్చుంటే ఎక్కినచోటికే తెస్తుంది.

రెండు రాత్రులూ పదిన్నర దాటాక కూడా నేను వీధుల్లో మా బ్యాడ్జీలే చూశాను. నలుగురైదుగురు గుంపులుగా, ఒక గుంపు ఇంకో గుంపును కలిసి, మళ్లీ విడిపోయి. పోలండ్ డీలర్, దోహా డీలర్ ఒకే టేబుల్ దగ్గర నాప్‌కిన్ మీద గొట్టాల బొమ్మ గీసుకుంటున్నారు. లండన్‌లో పదకొండేళ్లలో ఆ దృశ్యం నా కంటబడలేదు.

మొదటి రోజు సభ అయ్యాక జరిగింది ఒకటుంది. విజయవాడ నుంచి వచ్చిన డీలర్ గారు, డెబ్భైకి దగ్గరగా ఉంటారు, హాలు బయట నది ఒడ్డున నిలబడి పైకి చూస్తున్నారు. అక్కడ ఫినీస్టన్ క్రేన్ ఉంది. 1930ల మొదట్లో కట్టింది, 175 టన్నులు ఎత్తేది. ఇప్పుడు పనిచేయదు, గుర్తుగా ఉంచేశారు. "అమ్మా, ఇదేనా ఇంజన్లు ఎత్తిన క్రేను?" అన్నారు. అవునండీ, ఈ ఊరి ఉత్తరాన స్ప్రింగ్‌బర్న్‌లో తయారైన రైలింజన్లను వీధుల వెంట లాక్కొచ్చి, ఇక్కడ ఓడల్లోకి ఎత్తేవారట అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. వాళ్ల నాన్నగారు బెజవాడ లోకోషెడ్‌లో ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరయ్యారట, డబ్ల్యూజీ గూడ్సు ఇంజన్ల మీద పనిచేశారట. స్వాతంత్ర్యం వచ్చాక మన రైల్వే తీసుకున్న ఆ డబ్ల్యూజీల్లో తొలి విడత తయారైంది ఇక్కడే, నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీలో, 1950 ప్రాంతంలో. "ఇంజన్ పక్కన పలక మీద గ్లాస్గో అని ఉండేదమ్మా. నాన్న భోజనం క్యారియర్ తీసుకెళ్లినప్పుడల్లా చదివేవాణ్ని. నేను నేర్చుకున్న మొదటి ఇంగ్లీషు మాటల్లో అదొకటి" అన్నారు. చినుకులు మొదలయ్యాయి. గొడుగు ఇస్తే పట్టుకున్నారు గానీ తెరవలేదు.

ఆయన కోసమే మర్నాడు మధ్యాహ్నం విరామంలో రివర్‌సైడ్ మ్యూజియంకు తీసుకెళ్లాను. జహా హదీద్ డిజైన్ చేసిన భవనం, 2011లో తెరిచారు, ప్రవేశం ఉచితం. లోపల దక్షిణాఫ్రికా నుంచి తిరిగి తెచ్చిన పెద్ద ఆవిరి ఇంజన్ ఉంది, 3007 నంబరు, అదీ ఈ ఊళ్లో తయారైందే. ఆయన చక్రం మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డారు. మాతో వచ్చిన జర్మన్ డీలర్ ఫోటో తీసి పెట్టాడు. వాళ్లిద్దరికీ అప్పటిదాకా పరిచయమే లేదు. నవంబరులో వాళ్లిద్దరి మధ్య మొదటి ఆర్డరు నడిచిందని నాకు అకౌంట్స్ వాళ్లు చెప్తే తెలిసింది.

సమయం ఉన్నవాళ్లు కెల్విన్‌గ్రోవ్ కూడా చూడాలి. 1901 నాటి ఎర్రరాతి భవనం, అదీ ఉచితమే. హాలు నుంచి నడిచే దూరం. మధ్యాహ్నం ఒంటిగంటకు పెద్ద ఆర్గన్ వాయిస్తారు.

మూడో రోజు సగం పూటకు నేను పెట్టిన కార్యక్రమం చాలామందికి వింతగా అనిపించింది. అది నీళ్లు చూడటం. గ్లాస్గో కుళాయి నీళ్లు లోక్ కాత్రిన్ అనే సరస్సు నుంచి వస్తాయి. పందొమ్మిదో శతాబ్దంలో కలరా వరసగా ఊరిని తుడిచిపెట్టాక, ఇంజనీరు జాన్ ఫ్రెడరిక్ బేట్‌మన్ కొండలు తొలిచి సొరంగాలు, కాలువల మీదుగా ఆ నీటిని తెచ్చాడు. 1859లో ప్రారంభమైంది. పల్లానికి పారే నీటి గుణమే దాన్ని ఊరి శివారు దాకా తెస్తుంది, పంపు అవసరం పడలేదు. ఆ నీళ్లు చేరే జలాశయాలు మిల్న్‌గావీ అనే చోట ఉన్నాయి. రాసేది అలా, పలికేది 'మల్‌గయ్' అని. క్వీన్ స్ట్రీట్ స్టేషన్ నుంచి రైల్లో పాతిక నిమిషాలు. టికెట్లు కొనేటప్పుడు ముగ్గురు రాసినట్టే చదివి కౌంటర్ దగ్గర చిక్కుకున్నారు.

నలభై మంది వచ్చారు. జలాశయం గట్టు మీద నడక దారి ఉంది, గట్టు చుట్టూ అక్టోబరు రంగుల చెట్లు. జీవితమంతా నీటిని పైకి తోసే యంత్రాలే అమ్మిన మనుషులు అక్కడ గుమిగూడి, మైలుకు ఎన్ని అంగుళాలు వాలు పెట్టి ఉంటాడు, ఆ రోజుల్లో ఏ పరికరంతో కొలిచి ఉంటాడు అని గంటసేపు వాదించుకున్నారు. వాలు మైలుకు పది అంగుళాలే అని చెప్పగానే మా సీనియర్ ఇంజనీర్ టోపీ తీసేశారు. ఏ హాల్లో ఏ స్లైడూ ఇంత చర్చ పుట్టించలేదు. మీ కంపెనీ ఏ వ్యాపారమైనా సరే, ఊరిని ఎంచుకునేటప్పుడు ఆ వ్యాపారానికి అక్కడ ఏదైనా వేరు ఉందా అని వెతకండి. ఓడలు, రైళ్లు, ఇంజన్లు, వైద్యం, ముద్రణ, ఏదో ఒకటి గ్లాస్గోలో దొరుకుతుంది. జేమ్స్ వాట్ పనిచేసిన విశ్వవిద్యాలయం 1451 నుంచి నడుస్తోంది.

చిన్న సభలకు ఎస్‌ఈసీ అవసరం లేదు. స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయం వారి టెక్నాలజీ అండ్ ఇన్నోవేషన్ సెంటర్ క్వీన్ స్ట్రీట్ స్టేషన్‌కు దగ్గర్లోనే ఉంది. నేను వెళ్లి చూశాను, వంద మందిలోపు సభకు అదే మేలు. గ్లాస్గో కన్వెన్షన్ బ్యూరో అని నగరానికి సొంత విభాగం ఉంది. హాళ్లు, హోటళ్లు వెతికి పెట్టడానికి నిర్వాహకుల దగ్గర డబ్బు తీసుకోరు. నేను వాళ్లను మార్చిలో అడిగాను. ఇంకా ముందే అడగాల్సింది.

తేదీల విషయంలో రెండు చెప్తాను. 2026 జులై 23 నుంచి ఆగస్టు 2 దాకా ఇక్కడ కామన్వెల్త్ క్రీడలు, ఎస్‌ఈసీ కూడా వేదికల్లో ఒకటి. ఆ రోజుల చుట్టుపక్కల సభ పెట్టుకోవద్దు. 2027 జనవరి 25 నుంచి గ్లాస్గోలో బస ఖర్చు మీద 5 శాతం సందర్శకుల పన్ను వస్తోంది, హోటల్ బడ్జెట్‌లో దాన్ని కలుపుకోండి. డిసెంబరులో నాలుగింటికల్లా చీకటి పడిపోతుంది, జూన్‌లో రాత్రి పది దాకా వెలుగు. మా లెక్కలో లండన్ 2024 ఖర్చుతో పోలిస్తే తలకు 190 పౌండ్లు తగ్గింది, అందులో పెద్ద భాగం హోటలే.

తర్వాతి సదస్సు ఎక్కడని డైరెక్టర్ ఈసారి నన్ను అడగలేదు. 2027 జూన్ మొదటి వారానికి గదులు మాట్లాడమన్నారు. మాట్లాడటం మొదలుపెట్టాను. ఆ వారం హైడ్రోలో ఏముందో చూశాకే సంతకం పెడతాను. క్యాటరింగ్ కాగితంలో మొదటి షరతు వేడి భోజనం. విజయవాడ డీలర్ గారు ఈసారి మనవణ్ని కూడా వెంట తెస్తానన్నారు, మిల్న్‌గావీ నడకకు అతని పేరు కూడా రాసుకున్నాను.